యేసయ్య గోడమీద మూడు తాళంచెవులు

వనపర్తి బస్టాండు ఎదురుగా యేసయ్య చాయ్ హోటల్ ఉండేది. అక్కడి చాయ్ ఎట్లా ఉండేదో ఇప్పుడెవరికీ గుర్తులేదు. గుర్తుపెట్టుకోదగ్గ చాయ్ కూడా కాదది. అందరికీ గుర్తున్నది గోడ. గల్లాపెట్టె వెనక, సున్నం మీద పొగ పేరుకుని ఏ రంగో చెప్పలేని ఆ గోడకు వరసగా మేకులు కొట్టి ఉండేవి. మేకుకొక తాళంచెవి, తాళంచెవికి దారంతో కట్టిన అట్టముక్క. ఊళ్ళో అమ్మకానికున్న ఇళ్ళన్నీ ఆ గోడకు వేలాడుతూ, పొయ్యిమీది ఆవిరికి చెమటలు పట్టి, బస్సు హారన్ మోగినప్పుడల్లా కొంచెం ఊగుతుండేవి.

ఇల్లు అమ్మదలచినవాళ్ళు తమకు నమ్మకమున్న బ్రోకరుకు తాళంచెవి ఇవ్వాలి. లోపల కాపురం ఉంటున్నా సరే, ఇవ్వాల్సిందే. "తాళంచెవి ఇచ్చినోడే అమ్మేటోడు. తక్కినోళ్ళంత తమ ఇల్లు ఎంత జేస్తదో తెలుసుకొని మురిసేటోళ్ళు" అనేవాడు యేసయ్య. బేస్తవారం పొద్దున గద్వాల బ్రోకర్లు, నాగర్‌కర్నూలు బ్రోకర్లు బస్సులు దిగి చేరుకున్నాక, ఇల్లు తెచ్చినవాడు లేచి నిలబడి అది ఏ రోడ్డు వైపుందో, ధరెంతో అందరికీ వినబడేట్టు చెప్పి తాళంచెవి మేకుకు తగిలించేవాడు. ఆ క్షణం నుంచి ఆ ఇల్లు మూడూళ్ళ బ్రోకర్లందరిదీ. ఎవరి దగ్గర మనిషి ఉంటే వాళ్ళు తాళంచెవి తీసుకుపోయి చూపించవచ్చు. బేరం కుదిరితే కమీషన్లో ఇల్లు తెచ్చినవాడికి సగం, మనిషిని తెచ్చినవాడికి సగం. గోడ దగ్గర చెప్పిన ధర మాత్రం ఎవరి ముఖం చూసీ మారకూడదు. మార్చాలంటే అమ్మేవాళ్ళే వచ్చి, మళ్ళీ అందరి ముందూ తమ నోటితో చెప్పాలి.

దీనికి కాగితం లేదు, సంతకం లేదు. యేసయ్య ఒక్కడే సాక్షి. ఇల్లు అమ్ముడుపోయిన రోజు అందరికీ చాయ్ తాగించడం రివాజు. తాగించేది బ్రోకర్లు, పైసలు తీసుకునేది యేసయ్య. కాబట్టి ఇళ్ళు బాగా అమ్ముడుపోవాలని ఆయన ప్రతి ఆదివారం చర్చిలో మనసారా ప్రార్థన చేసేవాడు.

అర్చన ఆ గోడ గురించి విన్నదే గానీ చూసింది లేదు. ఆడవాళ్ళు కూర్చునే హోటల్ కాదది. బి.ఏ. చదివింది, పెళ్ళయ్యాక తనూ మల్లేశూ కలిసి పానగల్ రోడ్డు పక్క సందులో రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నారు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే జామచెట్టు అందుతుంది. వెనక నీళ్ళ సంపు. ముందు తలుపు తూర్పుకు. అమ్మాలని ఆమెకు ఏ కోశానా లేదు.

కానీ మల్లేశ్ ఆర్టీసీ కండక్టర్. రెండువేల మూడు దసరాకు అతన్ని గద్వాల డిపోకు బదిలీ చేశారు. డిపో రెస్టు రూములో పడుకోవడం, వారానికొకసారి సెలవు రోజున ఇంటికి రావడం. రెండో తరగతి చదివే శ్రీజ మొదట్లో "నాయిన ఎప్పుడొస్తడు?" అని అడిగేది. సంక్రాంతి దాటేసరికి "నాయిన ఎన్ని గంటలకు?" అని, బస్సు గురించి అడిగినట్టు అడగడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న రోజే అర్చన ఇల్లు అమ్మకానికి ఒప్పుకుంది. గద్వాలలో కోట వెనక సత్తెమ్మ అనే ఆవిడ ఇల్లొకటి చూసుకున్నారు. ఆవిడ బడులు తెరిచేదాకా ఆగుతానంది. "ఆ తర్వాత మాత్రం ఎవరు ముందొస్తే వాళ్ళదే బిడ్డా, నాకు మొహమాటం లేదు" అని కూడా చెప్పింది.

మొహమాటం లేని మనిషిని చూస్తే అర్చనకు అసూయ. ఆమెకు అన్నీ వచ్చు. స్వెటరల్లడం వచ్చు, కరెంటు ఫ్యూజు వెయ్యడం వచ్చు, ఇంగ్లీషులో అర్జీ రాయడం వచ్చు. అయినవాళ్ళు అడిగితే కాదనడం ఒక్కటే రాదు.

మొదట అడిగింది పక్కింటి శంకరయ్య. ఊళ్ళో పాత బ్రోకరు, అర్చనకు వరసకు పెదనాయన. పిట్టగోడ మీద మోచేతులానించి అన్నాడు:

"ఏం బిడ్డా, ఇల్లు అమ్ముతరని యేసయ్య జెప్పవట్టె. పక్కనే నేనుండంగ బజార్ల వినాల్నా?"

"లేదు పెదనాయనా, నీకే చెబ్దామనుకుంటున్న."

"మరియ్యి తాళంచెవి. ఎంతకిస్తరు?"

చెప్పింది.

"గంత తక్కువనా? బేరానికి జర పైన పెట్టుకోవాలె బిడ్డా. కొనేటోడు కోసుకోవాలె గద. కోసుకునేటందుకు కొంత కండ ఉండాలె."

బియ్యం డబ్బాలో దాచిన తాళంచెవి ఆయన చేతికిచ్చింది. ఆయన బేస్తవారం వెళ్ళి, కండ కలిపిన ధర చెప్పి, 'జామచెట్టు ఇల్లు' అని అట్టమీద రాసి తగిలించాడు.

పది రోజులైనా కాకముందే నాగర్‌కర్నూలు నుంచి అక్క మొగుడు భానుప్రకాశ్ వచ్చాడు. అంతవరకూ ఎరువుల దుకాణం నడిపిన మనిషి, కొత్తగా ఇళ్ళ వ్యాపారంలోకి దిగి, పేరు కింద ఇంగ్లీషులో రెండు వరసలున్న కార్డులు అచ్చువేయించుకున్నాడు. అర్చనకొకటి ఇచ్చాడు. శ్రీజకూ ఒకటిచ్చాడు.

"సొంత బావనుండంగ ముసలోనికిస్తవా అర్చనా? మీ అక్క వింటే ఏమనుకుంటది?"

అక్క ఏమనుకుంటుందో అర్చనకు బాగా తెలుసు. అక్క అనుకునేవి అన్నీ వెంటనే అంటుంది కూడా.

"ఒకరికిచ్చినం గద బావా, ఇంకొకరికి ఇయ్యొచ్చునో లేదో."

"ఎవరన్నరు ఇయ్యొద్దని? ఎంత మందికిస్తె అంత జల్ది అమ్ముడుపోతది. తూర్పు ముఖం ఇల్లు ఇది. దీని ధర నాకిడిసిపెట్టు."

తన కొంగుకున్న తాళంచెవి విప్పి ఇచ్చింది. భానుప్రకాశ్ ధరమీద తూర్పు ముఖానికి తనకు తోచినంత వేసుకుని, నాగర్‌కర్నూలులో ఎవరూ దొరక్కపోతే చివరికి తానూ ఆ యేసయ్య గోడకే వెళ్ళి 'తూర్పు ముఖం కొత్త ఇల్లు' అని తగిలించి వచ్చాడు. ఆ పూట శంకరయ్య ఎవరిదో పెళ్ళిలో ఉన్నాడు.

ఆ ఆదివారం మల్లేశ్ ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, పప్పు కలుపుకుంటూ, అడక్కుండానే నేరం ఒప్పుకున్నాడు.

"నా తాళంచెవి బాలనాగమ్మక్కకు ఇచ్చిన."

"ఏ బాలనాగమ్మక్క?"

"గద్వాల చీరలు కిస్తుల మీద అమ్మే ఆమె. మా డిపోల అందరికి తెలుసు. ఇండ్లు గూడ చూపిస్తది. అడిగింది, కాదనలేకపోయిన."

"ఎంత జెప్పినవ్?"

ఎంత చెప్పాడో చెప్పాడు. అర్చన గరిటె కింద పెట్టింది. వాళ్ళిద్దరూ రాత్రిళ్ళు లెక్కలేసుకుని, ఇంతకంటే తగ్గితే గద్వాల ఇల్లు రాదు అనుకున్న ధర. కండ లేదు, తూర్పు లేదు, ఉత్త ఎముక.

"డిపో క్యాంటీన్ల సాంబారు తిన్నవా నువ్వు ఎప్పుడన్న?" అన్నాడు మల్లేశ్. అతని తరఫున అంతకంటే మంచి వాదన లేదు.

అలా ఒకే తాళానికున్న మూడు తాళంచెవులూ మూడు దార్లు పట్టాయి. ఇంటావిడ చేతిలో ఒక్కటీ మిగల్లేదు. కూరగాయలకు పోవాలంటే గొళ్ళెం పెట్టి, శంకరయ్య భార్యకు చెప్పి పోయేది. ముగ్గురు మోస్తున్నారు గదా, ఇక త్వరగా తెమిలిపోతుందిలే అని మాత్రం ధైర్యం చెప్పుకుంది. బాలనాగమ్మ కూడా బేస్తవారం బస్సు దిగి, 'సంపు ఉన్న ఇల్లు' అని మూడో మేకుకు తగిలించిందని ఆమెకు తెలియదు. గోడమీద మూడు ఇళ్ళున్నాయి. మూడింటికీ ఒకటే వంటిల్లు.

మే నెల మొదట్లో బాలనాగమ్మ ఒక జంటను తీసుకువచ్చింది. చంకలో చీరల మూట అలాగే ఉంది. ఇల్లు చూపించినా చీర చూపించినా ఆమెకు మూట దించే అలవాటు లేదు.

"ధరూర్ నుంచి తోలుకొచ్చిన. దేవదాసు, రంగమ్మ. బొంబాయిల బిల్డింగు పని జేసి వచ్చిన్రు. పిల్లల్ని ఈడ మంచి బడిల ఎయ్యాలంట."

దేవదాసు మేస్త్రీ. గోడలను వేలి కణుపుతో తట్టి చూసి, "ఇసుక జల్లెడ పట్టి కలిపిన్రు" అన్నాడు. అర్చన కట్టించినప్పుడు ఎండలో నిలబడి జల్లెడ పట్టించింది నిజమే. ఇన్నేళ్ళలో ఆ సంగతి కనిపెట్టినవాళ్ళు లేరు. రంగమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అర్చన చూస్తే, నల్లా తిప్పి, నీళ్ళు చూసి, కట్టేసి, కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఇరవై అంతస్తుల దాంక ఇటికెలు మోసిన అమ్మా" అంది. "ఒక్క అంతస్తుల గూడ వంటింటి కిటికీకి చెట్టు రాలే."

ధర మాట్లాడేటప్పుడు అమ్మేవాళ్ళు ఎదురుగా ఉండకూడదని బ్రోకర్ల పట్టు. ముఖంలో ధర దిగిపోతుందట. అందుకని అర్చన చాయ్ పెట్టే నెపంతో లోపలే ఉంది. పోతూ పోతూ రంగమ్మ, "మళ్ల బేస్తారం వస్తం" అంది. ఆ మాటతీరు చూస్తే ఇల్లు పోయినట్టేనని అర్చనకు అర్థమై, సంతోషంగా ఉండాల్సింది కొంచెం దిగులుగా కూడా అనిపించి, జామచెట్టుకు రెండు చెంబుల నీళ్ళు ఎక్కువ పోసింది.

అన్నట్టే ఆ జంట బేస్తవారం గోడ దగ్గరికి వచ్చారు. పెళ్ళిళ్ళ కాలం కదా, బాలనాగమ్మ చీరల మూటతో ఏదో ఊళ్ళో చిక్కుకుని రాలేదు. శంకరయ్య వాళ్ళను కూర్చోబెట్టి పేరు అడిగాడు. పేరు చెప్పాక ఊరడిగాడు. ఊరు చెప్పాక వాడ అడిగాడు. అడగడం ఆయనకు అలవాటు, మనవడి స్నేహితులనూ అలాగే అడుగుతాడు. వాడ చెప్పాక, "మీకు సరిపోయేది ఒకటున్నది" అంటూ జామచెట్టు తాళంచెవి తీశాడు.

సందులోకి తిరిగాక దేవదాసు, "ఈ ఇల్లు చూసినం పెద్దమనిషీ" అన్నాడు.

"చూస్తె మంచిదే. ఇంకోపారి చూడు" అని, శంకరయ్య తన ధర చెప్పాడు.

అర్చన వాళ్ళు రెండోసారి చూసుకోవడానికి వచ్చారనుకుంది. జామపండ్లు కోసి కొంగులో పోసింది. రంగమ్మ పండ్లు తీసుకుంది గానీ, ఈసారి వంటింట్లోకి పోలేదు.

తిరిగి బస్టాండులో కూర్చుంటే భానుప్రకాశ్ కంటబడ్డారు. ఆయనకు బేరం పోగొట్టుకున్న ముఖాలను గుర్తుపట్టే విద్య కొత్తగా పట్టుబడింది. కార్డు ఇచ్చి, "పాత కొంపలు చూపిస్తరు ఈడోళ్ళు. నా తాన తూర్పు ముఖం కొత్త ఇల్లు ఉంది, రాండ్రి" అని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటో ఎక్కించి, పెద్ద రోడ్డు చుట్టూ తిప్పి, అవతలి కొస నుంచి అదే సందులోకి తీసుకొచ్చాడు. దారిలోనే ధర కూడా చెప్పాడు.

తలుపు చప్పుడైతే అర్చన తీసింది. ఎదురుగా రంగమ్మ. పొద్దున ఇచ్చిన జామపండ్లు ఇంకా కొంగులోనే ఉన్నాయి.

"ఏమ్మా" అంది రంగమ్మ. గొంతు పెంచలేదు. "పోయినపారి ఒక రేటు. పొద్దుగాల ఒక రేటు. ఇప్పుడింకొకటి. మా పేరు, మా వాడ తెలిసినకొద్ది మీ ఇల్లు పెరుగుతున్నదా?"

రంగమ్మ కొంగు విప్పి, జామపండ్లు అరుగుమీద ఒకటొకటిగా పెట్టి, మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. భానుప్రకాశ్ ఆటోకు పైసలిచ్చేది తనేనని అప్పుడు గమనించాడు.

"పోతె పోనీ, ఇంకొకరొస్తరు" అన్నాడు. "ఎంత జెప్పినవ్ బావా వాళ్ళకు?" అని అడిగింది అర్చన. ఆయన చెప్పాడు. పిట్టగోడ దగ్గరికి పోయి శంకరయ్యను అడిగింది. ఆయనా చెప్పాడు. మల్లేశ్ చెప్పింది ఎలాగూ తెలుసు. మూడు ధరలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, రంగమ్మ అనుకున్నదాంట్లో తప్పేమీ కనబడలేదు. తను ఆ వైపున ఉంటే తనూ అదే అనుకునేది. ముగ్గురిలో ఎవరూ మోసం చేయలేదు; తను ఎవరినీ కాదనలేదు, అంతే. అరుగుమీది జామపండ్లను ఆ రాత్రి ఎవరూ ముట్టుకోలేదు, శ్రీజతో సహా.

బడులు తెరవడానికి ఇంక ఎన్నో రోజులు లేవు. కానీ మర్నాడు పొద్దున గద్వాల బస్సెక్కినప్పుడు ఆమె మనసులో ఉన్నది సత్తెమ్మ ఇల్లు ఒక్కటే కాదు. ఆ బస్సు మల్లేశ్‌ది. అతను వరసగా టికెట్లు కొడుతూ వచ్చి, భార్య ముందు కూడా ఆగి, "గద్వాల ఒకటా?" అన్నాడు.

"నాకు గూడ టికెటా?"

"చెకింగొస్తె నా ఇజ్జత్ పోతది. పైసలియ్యి. ఇంటికొచ్చినంక నువ్వే జేబుల కెళ్ళి తీసుకుంటవు గద."

బీచుపల్లి వంతెన మీద కృష్ణ సన్నగా, రాళ్ళ మధ్య దారి వెతుక్కుంటూ పోతోంది. జరిగింది అక్కడ చెప్పింది. మల్లేశ్ వంతెన అయిపోయేదాకా చేతిలోని టికెట్ల కట్ట లెక్కపెట్టాడు. "నేను ఎముక జెప్పిన. వాళ్ళు కండ జెప్పిన్రు" అన్నాడు చివరికి. "తినేటోళ్ళకు ఏం తెలుస్తది?"

గద్వాలలో బాలనాగమ్మను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో ధరూర్ చేరింది. రంగమ్మ కిరాయి గది ముందు చెట్టు నీడన కూర్చుని, విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. చూసి, రమ్మనలేదు, పొమ్మనలేదు. అర్చన ఎదురుగా కూర్చుని, అడక్కుండానే నాలుగు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చేతులకు పనుంటే నోటికి కొంచెం ధైర్యం వస్తుంది.

"అక్కా, ఇల్లు ఒకటే. ధర నేను ముగ్గురి నోట్ల పెట్టిన. పక్కింటి పెదనాయన అడిగిండు, కాదనలేకపోయిన. అక్క మొగుడు అడిగిండు, కాదనలేకపోయిన. ఈయన బాలనాగమ్మక్కను కాదనలేకపోయిండు. మీ వాడ జూసి పెంచలే. మీ మీద ఒట్టు గాదు, నా బిడ్డ మీద ఒట్టు."

"బిడ్డ మీద ఎందుకు" అంది రంగమ్మ. గుల్లలు పక్కకు ఊడ్చింది. "నువ్వు ఎవర్నీ కాదనలేదంటవు. మమ్మల్నేమో కాదనందెవరు? బొంబాయిల రూము అడిగితె పేరడుగుదురు. ఈడికొచ్చి ఇల్లడిగితె వాడడుగుదురు. ధర మా ముఖం మీద రాసున్నట్టు, చూసి చదివి జెప్తరు."

బాలనాగమ్మ మూట చంకలో సర్దుకుని, "ఆ గోడ పెట్టిందే అందుకు రంగమ్మా. గోడకు ముఖాలు తెల్వవు" అంది.

"గోడకు తెల్వదు. గోడ ముంగట కూసునేటోళ్ళకు తెలుసు."

తరవాత రంగమ్మ అర్చన ఒలిచినవి చూసి, పగిలిన గింజలు ఏరి పక్కన పడేసింది. విత్తనానికి పగిలినవి పనికిరావు.

"బేస్తారం వస్త. అందరి ముంగట నీ నోటితోని జెప్పు, ఎంతనో. నేను నిలబడి ఇంట. అప్పుడు జూద్దాం."

"మొదలు మీకు జెప్పిందే జెప్త అక్కా."

"నాకు జెప్పుడు గాదు. వాళ్ళకు జెప్పు."

బేస్తవారం అర్చన పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. యేసయ్య హోటల్లో ఇరవైమంది దాకా మగవాళ్ళు, ఒక్క బాలనాగమ్మ. అర్చన గడప దాటేసరికి మాటలాగిపోయాయి. యేసయ్య చాయ్ వడగడుతూ చూశాడు గానీ, ఆయన చేతిలో గిన్నె ఆగలేదు. రంగమ్మ, దేవదాసు తలుపు దగ్గర నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

అర్చన గోడ ముందుకు పోయింది. ఇన్ని మేకుల్లో తన తాళంచెవి ఎలా వెతకాలో అనుకుంది గానీ, వెతకనక్కర్లేకపోయింది. రోజూ తలుపు తీసిన చెయ్యి కదా. జామచెట్టు ఇల్లు. రెండు మేకుల అవతల సంపు ఉన్న ఇల్లు. పైవరసలో తూర్పు ముఖం కొత్త ఇల్లు. మూడూ తీసి, అట్టముక్కలు తెంపి, గాజుకున్న పిన్నీసు విప్పి, మూడింటినీ దానికి గుచ్చింది.

శంకరయ్య లేచాడు. "గిదేంది బిడ్డా? గా రెండు ఎవరివి?"

"మూడు నావే పెదనాయనా."

శంకరయ్య భానుప్రకాశ్‌ను చూశాడు. భానుప్రకాశ్ బాలనాగమ్మను చూశాడు. బాలనాగమ్మ చీరల మూటను చూసుకుంది. వెనకబల్ల మీద ఎవరో, "ఒక్క ఇల్లు మూడుసార్లు తగిలేసిన్రురో" అన్నారు, ఇంకెవరో నవ్వారు. శంకరయ్య గోడకు ఇంతకాలంలో జరగని అవమానం జరిగినట్టు కండువా దులిపాడు.

అర్చన గొంతు సవరించుకుంది. కాలేజీలో హాజరు పలికినప్పటి తరవాత ఇంతమంది మగవాళ్ళ ముందు గొంతెత్తలేదు. ఇల్లెక్కడుందో చెప్పింది. ధర చెప్పింది. మొదటిసారి వెనకబల్లకు వినబడలేదేమోనని మళ్ళీ చెప్పింది. రెండోసారి బస్టాండుకు కూడా వినబడి ఉంటుంది.

"గింత తక్కువకా?" అన్నాడు భానుప్రకాశ్. "తూర్పు ముఖం ఇల్లు అర్చనా, జర సోచాయించు."

"నీ తూర్పు నువ్వు తీస్కపో బావా. మిగిలిన మూడు దిక్కులతోనే అమ్ముకుంట."

ఈసారి నవ్వినవాళ్ళలో యేసయ్య కూడా ఉన్నాడు. అక్క ఏమనుకుంటుందోనన్న భయం అర్చనకు అప్పుడూ వేసింది. వేసినా మాట వెనక్కి తీసుకోలేదు. జీవితంలో అయినవాళ్ళను కాదనడం అదే మొదలు. ఊహించుకున్నంత నొప్పి లేదు. చెవి కుట్టించుకున్నట్టు ఉంది, అంతే.

శంకరయ్య మాత్రం రివాజు వదల్లేదు. "సరే బిడ్డా, ధర నీ ఇష్టం. కని ఇల్లు తెచ్చినోడు ఒక్కడే ఉండాలె. మేం ముగ్గురమైతిమి. సగం ఎవరికి?"

అర్చనకు ఆ ఒక్కటే రాత్రంతా ఆలోచించినా తేలలేదు. బాలనాగమ్మ మొదటిసారిగా చంకలోని మూట బల్లమీద దించింది.

"మనిషిని తెచ్చిన సగం నాకు చాలు. ఇంటి సగం మీరిద్దరు పంచుకోండ్రి. మనిషికొక చీర నా తాన తీసుకోండ్రి. మీ ఇంటోళ్ళు ఏండ్ల సంది అడుగుతున్నరు, మీకు ఇనవడ్తలేదు."

శంకరయ్య కాదంటే ఇంట్లో సంగతి ఏమవుతుందో అక్కడున్న ప్రతి మగవాడికీ తెలుసు. భానుప్రకాశ్‌కు మరీ బాగా తెలుసు. ఇద్దరూ ఒప్పుకున్నారు. అర్చన పిన్నీసు గుత్తిని మధ్య మేకుకు తగిలించి, పక్కకు జరిగి నిలబడింది.

రంగమ్మ ఇంకా తలుపు దగ్గరే ఉంది. గోడను పైనుంచి కిందికి చూసింది. మనుషులను చూసింది. "ఇప్పుడు ఎవరన్న వచ్చి అడిగితె?" అంది యేసయ్యతో.

"ఎవరడిగిన గిదే ధర."

"రెడ్డొచ్చి అడిగిన?"

"ఎవరొచ్చి అడిగిన."

రంగమ్మ మొగుడి వైపు తల ఊపింది. దేవదాసు బల్లల మధ్య నుంచి నడిచి, బ్రోకరెవరూ ముందు నడవకుండా, తానే చెయ్యి చాపి గుత్తిని మేకు నుంచి తీసుకున్నాడు. కొనేవాళ్ళు తాళంచెవి ముట్టుకోవడం ఆ గోడ దగ్గర అదే మొదటిసారి. శంకరయ్య ఏదో అనబోయి, చీర గుర్తొచ్చిందేమో, ఊరుకున్నాడు. యేసయ్య పెద్ద గిన్నె పొయ్యిమీద పెట్టాడు.

రిజిస్ట్రేషన్ అయిన రోజు సామాన్లు లారీకెక్కాయి. శ్రీజకు గద్వాల బడిలో సీటు దొరికింది. సత్తెమ్మ దగ్గర కొన్న ఇంట్లో మొదటి రాత్రి మల్లేశ్ మూడుసార్లు అన్నం పెట్టించుకుని, నాలుగోసారి సిగ్గుపడ్డాడు. అర్చన వనపర్తి ఇల్లు వదిలే ముందు వంటిల్లు కడిగి, కిటికీ తెరిచి ఉంచింది. గడపలో రంగమ్మ ఎదురొచ్చి, చేతిలో ఒక తాళంచెవి పెట్టింది. ఆ మూడింటిలో ఒకటి.

"నీ తాన ఉండనియ్యి చెల్లె. నీ చేతి మీదుగ కట్టిన ఇల్లు."

అర్చనకు కళ్ళు తడయ్యాయి. ముఖం తలుపు వైపు తిప్పుకుంది. తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది, ఇంకా నూనె మెరుపు పోలేదు.

"పొద్దున్నే మార్చిన" అంది రంగమ్మ. "మూడూర్లు తిరిగొచ్చిన చెవులు గద. ఎవరు నకలు తీసిన్రో ఏమో."

అర్చన నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. రంగమ్మ కూడా నవ్వింది. ఆమె స్థానంలో తనున్నా తాళం ముందు మార్చి, తరవాతే ఆప్యాయంగా చెవి ఇచ్చేది.

యేసయ్య హోటల్ ఉన్నచోట ఇప్పుడు సెల్ ఫోన్ల దుకాణం ఉంది. గోడకు నున్నగా రంగు కొట్టి అద్దాల బీరువాలు పెట్టారు. ఇళ్ళు కూడా ఫోన్లలోకే పోయాయి. భానుప్రకాశ్ బావ అర్చనకు అప్పుడప్పుడు బొమ్మలు పంపిస్తుంటాడు: గదులు, మెట్లు, ఎవరిదో వంటిల్లు, కింద తూర్పు ముఖమని నక్షత్రం గుర్తు. అన్నీ ఉంటాయి గానీ, ధర దగ్గర మాత్రం 'ఫోన్ చేయండి' అని ఉంటుంది. అంటే పేరడిగి, ఊరడిగి చెబుతారన్నమాట, అనుకుంటుంది అర్చన.

గద్వాల వంటింట్లో, పోపుల డబ్బా పైన ఒక మేకుంది. దానికి ఏ తలుపూ తీయని ఒక తాళంచెవి వేలాడుతుంటుంది. డిపో బస్సులు వీధిలోంచి పోయినప్పుడు కొంచెం ఊగుతుంది. జామకాయల కాలంలో వనపర్తి బస్సు కండక్టరెవరో ఒక సంచి తెచ్చి ఇచ్చి పోతాడు. ఎవరు పంపారో చెప్పక్కర్లేదు. రంగమ్మ పండినవి ఎప్పుడూ పంపదు, దోరవే పంపుతుంది. దూరప్రయాణానికి ఏది ఆగుతుందో ఆమెకు తెలుసు.